‘రండి’ అనని ఇల్లు

ఆ కాలానికి జపానులో ఇళ్ళకు తాళాలు పోయాయి. గుమ్మమే మనిషిని గుర్తుపట్టి లోపలికి రానిచ్చేది. కామిసె అనే కొండ ఊళ్ళో మాత్రం, కొత్త సభాభవనం తలుపు దాన్ని కట్టిన మనిషికే తెరుచుకోలేదు. ఊరంతా అప్పటికే లోపల చేరింది.

ఆ మనిషి మొరిసాకి హనాయె. పుట్టింది ఆ ఊళ్ళోనే. ప్రారంభం రోజున వానలో బయట నిలబడిపోయింది.

చెక్క తయారుచేసింది నెల్లూరు నుంచి వెళ్ళిన పెంచలయ్య. కంపెనీ వాళ్ళు మెమరీ టింబర్ అనేవారు, ఆయన స్మృతిదారువు అనేవాడు. తరానికోసారి పాత భవనం విప్పి అదే తీరున కొత్తది కట్టడం ఆ ఊరి ఆచారం. పాత స్తంభాల్లో ఇంకిన మాటల్ని, చేతుల తాకిడిని ఆయన సన్నని సెన్సర్ పోగులతో కొత్త చెక్కలోకి ఎక్కించాడు. ఆపైన విన్నదంతా అదే నేర్చుకుంటుంది. ఎవరిని రానివ్వాలో ఊరి మర్యాదను బట్టి తేల్చుకుంటుంది.

“మీ చెక్క చెడింది ఇంజనీరు గారూ. పీకించి కాంక్రీటు పోయించుకుంటాం” అన్నాడు ఊరిపెద్ద ఒగావా.

పెంచలయ్య స్తంభానికి మీటరు ఆనించి చూశాడు. అందులో బయటపడింది ఒక పాత వెలి. నీళ్ళ తగాదాలో హనాయె తాతను ఊరు, తన తోడు పది వంతులైతే ఎనిమిది వంతులకు వెలివేసింది. మంటలంటుకుంటే ఆర్పడం, చస్తే మోయడం, ఆ రెండే మిగిల్చింది.

తాతల నాటి సంగతి ఇప్పుడెవరికి గుర్తుందని, చెరిపేయమని ఒగావా విసుక్కున్నాడు.

“పాతది అరిగిపోయింది పెద్దాయనా. తలుపు మూసింది పోయిన వారం మీరిక్కడ కూర్చుని అనుకున్న మాటలు. ఆ కొంప పిల్ల కట్టిన దాంట్లో మనం కూర్చోవాలా అని.”

చెరపడం తన చేతిలో లేదనీ, ఊళ్ళో ఒక్కరు స్తంభం మీద చెయ్యేసి ‘రండి’ అంటే చాలనీ పెంచలయ్య చెప్పాడు. ఒగావా చేతులు జేబుల్లో దోపుకుని, ముందు హనాయె వాళ్ళ పక్కింటాయన అనాలన్నాడు. పెద్దవారుండగా నేనెలా అంటానని పక్కింటాయన చాపకేసి చూశాడు. పెంచలయ్యకు ఒళ్ళు మండి తనే చెయ్యేసి “రండమ్మా” అన్నాడు. తలుపు కదల్లేదు.

“మీరు ఊరివాళ్ళు కాదు కదా” అన్నాడు ఒగావా.

తలుపు అవతల నుంచి హనాయె అడిగింది. “పెంచలయ్య గారూ, లోపల ఎందరున్నారు?”

“ఊరంతా ఉన్నారమ్మా.”

“అయితే చెక్కలో తప్పేం లేదు.”

ఆమె అడుగుల చప్పుడు దిగువకు పోయింది. అది పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆగి, ఒగావా జేబులోంచి చెయ్యి తీసి స్తంభాన్ని నిమిరాడు.

“మంచి చెక్క. ఉండనివ్వండి.”