అర డెసిబెల్

మా ప్రయోగశాలలో ఒక గది ఉంది. గోడలు, కప్పు, తలుపు అన్నీ ఇనుమే. లోపలి గోడల నిండా మూరెడు పొడవు నల్లటి ఫోమ్ మొనలు. తలుపు బిగిస్తే బయటి రేడియో తరంగం లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. అందులో ఒంటరిగా నిలబడితే సొంత చెవుల్లో రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. దుమ్ము పట్టిన ఫోమ్ వాసన బట్టలకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది.

ఛార్జరైనా, ఆటబొమ్మైనా, డిజిటల్ పరికరం ఏదైనా పనిచేసేటప్పుడు కొంత రేడియో రొద పుట్టిస్తుంది. ఆ రొద ఒక గీత దాటకూడదు. దాటితే పక్కనున్న పరికరాల సంకేతాలు అందులో మునిగిపోతాయి. గీత దాటిందో లేదో చూసి సంతకం పెట్టడం ఇరవై రెండేళ్లుగా నా పని.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను లోపల బల్ల మీద పెట్టింది మా పడగ్గది దీపాన్ని, దాని అడాప్టర్‌ని.

"ఆదివారం పిలిచినందుకు మా ఆవిడ మీకు థాంక్స్ చెప్పమంది గురువుగారూ," అన్నాడు బయట రొదను కొలిచే రిసీవర్ ముందు కూర్చున్న సహోద్యోగి. "ఇంట్లో నన్ను మించిన అంతరాయం లేదట."

నేను నవ్వలేదు. అతనికి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

నా భార్య పోయి అప్పటికి ఆరు వారాలు. గుండె బలహీనం. మెడలో చిన్న లాకెట్ ఉండేది. దాని మీట నొక్కితే వంటింట్లో ఒక పెట్టె గంట కొడుతుంది. పెట్టె మీద నేను 'వస్తున్నా' మీట నొక్కితే దాని మీదా, ఆమె లాకెట్‌లోనూ ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. రోజుకు పదిసార్లు నొక్కేది. ఎప్పుడూ రెండుసార్లు, టకటకా.

"ఏమైందే?" అని పరిగెత్తుకెళ్తే, "ఏం లేదు. వస్తావో రావో చూశా," అనేది.

ఆ రోజు నేను వంటింట్లోనే ఉన్నాను. కాఫీ కలుపుతున్నాను. గంట మోగలేదు. కప్పులు పట్టుకుని వెళ్లేసరికి మంచం పక్కన నేల మీద ఉంది. బొటనవేలు మీట మీదే ఉంది. లాకెట్ తియ్యడానికి నాకు చేతులు రాలేదు. దాంతోనే చితి మీదికి పంపేశాం.

పెట్టె అడుగున చిన్న అక్షరాల్లో ఒక నియమం ఉంటుంది: ఈ పరికరం తనకు ఎదురయ్యే అంతరాయాన్నంతా భరించాలి. వేలసార్లు చదివాను. అంతరాయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆలోచించడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది.

ఆ అడాప్టర్‌ని పాస్ చేసింది నేనే. లాకెట్ పనిచేసే ఫ్రీక్వెన్సీ, సరిగ్గా ఆ చోటే, దాని రొద గీతకు అర డెసిబెల్ పైన ఉంది. "అరే కదా సార్, కొలతలో తేడా అంతకంటే ఎక్కువుంటుంది," అన్నాడు కంపెనీ మనిషి. నిజమే, ఉంటుంది. సంతకం పెట్టాను. మిగిలిన నమూనాను ఇంటికి తెచ్చి ఆమె తలవైపు దీపానికి తగిలించాను.

అప్పట్లో వైరును పొందిగ్గా చుట్టి కొలిచాను. ఇప్పుడు మా ఇంట్లో వేలాడినట్టే వదిలి, లైట్లార్పి, తలుపు బిగించి కొలిచాం.

సహోద్యోగి తెర మీది అంకె చదివాడు. "గీతకు పదకొండు డెసిబెల్‌లు పైన."

"ఇక చాలు గురువుగారూ. ఇంటికెళ్దాం."

"ఖాళీ గది కొలత మిగిలింది," అన్నాను. అది నియమం. బయటి స్విచ్‌తో అడాప్టర్‌కి కరెంటు తీసేశాను.

తెర మీద రొదను చూపే గీత చదునుగా పడుకోవాలి. పడుకుంది. తర్వాత సన్నటి మొన ఒకటి లేచింది... వెంటనే ఇంకొకటి.

లాకెట్ పనిచేసే చోటే.

"ఫోన్ లోపల మర్చిపోయారా?"

జేబులోంచి తీసి చూపించాను. అతను బయట్నించే లోపలి యాంటెన్నాను పైకి లేపాడు. మొన తగ్గింది. కిందికి దించాడు. పెరిగింది.

"ఏదో... నేల మీదుంది," అన్నాడు గుసగుసగా.

పోల్చి చూసుకోవడానికి తెచ్చిన గంట పెట్టె నా మోచేతి దగ్గరే ఉంది. మధ్యలో ఇనుప తలుపు. అయినా మోగింది.

రెండుసార్లు. టకటకా.

'వస్తున్నా' నొక్కాను.

లోపలి కెమెరా తెర అంతా చీకటి. ఆ చీకట్లో, నేల దగ్గర, ఆకుపచ్చ చుక్క ఒకటి వెలిగింది. మెల్లగా లేచింది... మోకాలి ఎత్తు... నడుము... మెడ ఎత్తున ఆగింది. తర్వాత తలుపు వైపు కదిలింది.

నా చెయ్యి తలుపు పిడి మీద ఉంది.

"తియ్యకండి... మీకు దణ్ణం పెడతా..."

గంట మళ్లీ మోగింది. రెండుసార్లు. వస్తావో రావో అన్నట్టు.

ఇరవై రెండేళ్లుగా తిప్పిన పిడి. తిప్పలేకపోయాను.

నాలుగు నిమిషాలు అలాగే నిలబడ్డానని రిసీవర్ కాగితం చెబుతోంది. చుక్క అంతసేపూ తలుపు దగ్గరే ఉండి, తర్వాత వెనక్కి వెళ్లి, నెమ్మదిగా నేలకు దిగి ఆరిపోయిందని సహోద్యోగి చెప్పాడు. నేను చూడలేదు. అప్పుడు తలుపు తీశాను. దీపం, అడాప్టర్, వేలాడుతున్న వైరు... అంతే.

నివేదికలో 'ఫెయిల్' అని రాసి సంతకం పెట్టాను. ఖాళీ గది కొలత దగ్గర ఏమీ రాయలేదు.

పెట్టెను తిరిగి వంటింటి గట్టు మీదే పెట్టాను. ప్లగ్గు పెట్టలేదు. బ్యాటరీ తీసి సొరుగులో వేశాను. ఇది రాస్తున్నది దాని పక్కనే కూర్చుని. గంట మోగలేదు.

ఇందాక 'వస్తున్నా' దీపం వెలిగింది. మీట నేను నొక్కలేదు.