ఒమన్‌కు స్వాగతం, 3:47

నాగబాబు ఫోన్ దొరికింది. నాగబాబు దొరకలేదు.

సోమవారం ఉదయం పది గంటలు. గల్ఫ్‌లో మఫ్రఖ్ లేబర్ క్యాంపు ఆఫీసు గది. ఇమామ్ హుస్సేన్ ఆ ఫోన్‌ని మూడోసారి తిప్పి చూశాడు. ఒకప్పుడు కాకినాడలో క్రైమ్ ఎస్సై. ఇప్పుడు ఈ రవాణా కంపెనీకి సెక్యూరిటీ ఆఫీసర్. తప్పిపోయినవాడు కంపెనీ డ్రైవరు.

ఫోన్ హత్తా కొండల్లో, ఒమన్ సరిహద్దుకి ఇవతల, మేకల కాపరికి దొరికింది. అందులో ఉన్న ఆధారం ఒక్కటే. గురువారం మధ్యాహ్నం 3:47కి ఇండియా సిమ్‌కి వచ్చిన ఎస్సెమ్మెస్. ‘ఒమన్‌కు స్వాగతం.’

“బోర్డర్ దాటేశాడు. ఖలాస్,” అని మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, తేల్చేశాడు. పారిపోయినట్టు కాగితం కూడా రాయించాడు.

ఎదురుగా నాగబాబు తల్లి సుబ్బాయమ్మ కూర్చుంది. దుబాయ్‌లోని డేరా పేటలో ఇంటిపని చేస్తుంది. నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. ఆ మెసేజ్ ఒక్కటే ఆమెకి ధైర్యం. దొంగతనంగా దాటినా సరే, జైల్లో పడ్డా సరే, బిడ్డ బతికున్నట్టే కదా.

పక్కన ఆదిశేషు. నాగబాబు రూమ్మేట్. ఆ రోజు బండిలో తోడు వెళ్ళింది అతనే.

“అతన్ని ఎన్నింటికి దించావు?” ఇమామ్ హుస్సేన్ అడిగాడు.

“రెండింటికి సార్. హత్తా రౌండెబౌట్ దగ్గర. ఒమన్‌లో పని దొరికిందన్నాడు.”

“తర్వాత నువ్వు?”

“బండి తీసుకుని జెబెల్ అలీ పోర్టుకి పోయా. లోడెత్తుకుని క్యాంపుకి వచ్చేశా.”

“అతని ఫోన్ ముట్టుకున్నావా?”

“నాకేం పని సార్?”

“మరి ఆ మెసేజ్?”

“బోర్డర్ దగ్గర ఫోన్ దానంతటదే ఒమన్ నెట్‌వర్క్ పట్టేస్తది సార్. ఇది తెలియనోడు దుబాయ్‌లో ఎవడున్నాడు?”

సుబ్బాయమ్మ తలెత్తింది.

“మావోడిది పట్టదు బాబుగారూ.”

“ఎందుకు పట్టదమ్మా?”

“పోయిన రంజాన్‌లో హత్తా వెళ్తే ఒమన్ పట్టేసి బ్యాలెన్స్ ఊడ్చుకుపోయిందండి. రెండు రోజులు వాడి గొంతు వినపడక సగం చచ్చాను. ఇక్కడి నెట్‌వర్క్‌కే కట్టేయించుకోరా, ఇంకోదానికి పోకూడదు అన్నాను. కట్టేయించుకున్నాడు.”

“ఎవరిచేత?”

“ఆదిశేషన్న పెట్టిచ్చాడన్నాడు. మావోడికి ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదు. క్యాంపులో అందరి ఫోన్లూ సరిచేసేది ఈ అబ్బాయేగా.”

ఆదిశేషు నవ్వబోయాడు. “ఎవరిచేతో మళ్ళీ ఆటోమేటిక్‌లో పెట్టించుకునుంటాడు పిన్నీ.”

ఇమామ్ హుస్సేన్ ఫోన్ అతని వైపు తిప్పాడు.

“నా ఫోన్లో సిగ్నల్ ఉంది. నీ ఫోన్లో ఉంది. ఇందులో నో సర్వీస్. ఛార్జింగ్ పెట్టా, సిమ్ ఉంది. ఎందుకిలా అని పొద్దున్నుంచి చూస్తున్నా. ఆటోమేటిక్‌లో ఉంటే ఇక్కడ ఏదో ఒకటి పట్టాలిగా?”

సెట్టింగ్స్ తెరిచాడు. నెట్‌వర్క్ సెలెక్షన్. మాన్యువల్. టిక్కు ఒమన్ ఫోన్ కంపెనీ పేరు మీద ఉంది.

“దానంతటది పట్టలేదు. ఎవరో ఇంగ్లీషు లిస్టు చదివి, చేత్తో ఎంచారు. 3:47కి. కొండకి ఇవతల నిలబడినా ఒమన్ సిగ్నల్ అందుతుంది. దాటక్కర్లేదు. ఫోన్‌కి లాక్ లేదు. వాడికి చదవడం రాదు. నీకు వచ్చు. ఆటోమేటిక్‌లో పెట్టి పారేసుంటే నేనూ నమ్మేవాణ్ణి.”

ఆదిశేషు కుర్చీలోంచి లేవబోయాడు.

“బండి డీజిల్ నువ్వు అమ్ముకుంటున్నావని ముదీర్‌కి చెప్తానన్నాడట నాగబాబు. మీ గదిలోవాళ్ళు చెప్పారు.”

ఆదిశేషు మళ్ళీ కూలబడ్డాడు. “తోశానంతే సార్. చంపుదామని కాదు.”

సుబ్బాయమ్మ ఏడవలేదు. తను మాట్లాడకుండా ఉండుంటే బిడ్డ ఇంకా ఒమన్‌లోనే ఉండేవాడు. తన నోటితో తనే వాణ్ణి వెనక్కి లాగేసింది.

ఇమామ్ హుస్సేన్ ముందే పిలిపించిన పోలీసు బండి బయట ఆగింది. ఆమె లేచి ఆదిశేషు ముందు నిలబడింది.

“ఎక్కడ పెట్టావు?”

“వాగులో, పిన్నీ. బండల పక్కన.”

“నీడుందా అక్కడ?”

అతను తల దించుకున్నాడు.

“మొహం మీద గుడ్డన్నా కప్పావా?”



ఆమె భుజం మీది తువాలు తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టింది. అందరికంటే ముందు వెళ్ళి పోలీసు బండిలో కూర్చుంది.