గుడ్డ కట్టని చెట్టు

ఇబ్రహీంపట్నం దాటి ఎడమకు తిరిగి రెండు కిలోమీటర్లు పోతే పాషా మియా తోట వస్తుంది. మా మెహెక్‌కు ఆయన మేనమామ. నాలుగెకరాల్లో ఆపిల్ బేర్ వేశాడు. పేరులో ఆపిల్ ఉంది, చూడ్డానికీ పచ్చి ఆపిల్‌లా గుండ్రంగా నిగనిగలాడుతుంది. కొరికితే మాత్రం రేగుపండే. ఏటా జనవరిలో ఒక ఆదివారం మెహెక్, సింధు, నేను అక్కడికి వెళ్లి, పొద్దుగూకేదాకా తెంపుకుని తినడం డిగ్రీ నాటి నుంచీ ఉన్న అలవాటు.

ఈ ఏడు నాకు వెళ్లాలని లేదు.

"నిరుడు సంది అడుగుతున్న, తోట పేరు తీస్తే ఏదో ఒక బహానా చెప్తవ్," అంది మెహెక్, మీర్‌పేట్‌లో మా గేటు ముందు కారు ఆపి. "తోట నిన్ను కరిచిందా ఏంది రమా?"

కరిచింది. కుడి మణికట్టు మీద ఆ గీత ఇంకా ఉంది. చీర చెంగు దాని మీదికి లాక్కుని కారెక్కాను. మా పాప వాళ్ల నాన్న చేయి పట్టుకుని, "నాకు బోలెడు తేవాలి," అని అరిచింది. దానికి ఆరేళ్లు.

నిరుడు జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడైనా ఉన్నదున్నట్టు చెప్తాను.

తోటను చూసుకునేది చెన్నయ్య, ఆయన భార్య ఎంకమ్మ. పురుగుమందు కొట్టిన వరుసలో మొదటి చెట్టుకు చెన్నయ్య ఒక ఎర్ర గుడ్డ కట్టేవాడు. ఎంకమ్మ పాత చీర చింపిన పేలిక. అది ఉన్నన్నాళ్లు ఆ వరుసలో కాయ ముట్టకూడదు. గుడ్డ లేదంటే తినొచ్చు. చదువు రాని కూలీలకైనా, మాలాంటి చుట్టాలకైనా అదొక్కటే గుర్తు. నిరుడు గేటు దగ్గరే మాకు చెప్పాడు కూడా.

ఆ రోజు ఫోటో కోసం ఏడో వరుస మొదటి చెట్టు దగ్గర నిలబడితే, కొమ్మ ముల్లు నా మణికట్టును చీరేసింది. నెత్తురు కారింది. చేతికందినంతలో ఉన్న గుడ్డ ఆ చెట్టుకు కట్టిన ఎర్ర పేలిక ఒక్కటే. విప్పి చేతికి చుట్టుకున్నాను. వెళ్లేటప్పుడు మళ్లీ కట్టేద్దామనుకున్నాను. నవ్వుల్లో, సెల్ఫీల్లో పడి మరిచిపోయాను. ఇంటికొచ్చి ఆ నెత్తుటి గుడ్డను చెత్తబుట్టలో పడేశాను.

మర్నాడు పొద్దున ఎంకమ్మ ఆ వరుసలో కాయలు కోసింది. ఒడి నిండా కోసి, కోస్తూ కోస్తూ తింది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది.

"చెన్నయ్య తాత గుడ్డ కట్టుడు మర్చిండట," అని మెహెక్ ఫోన్లో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. అప్పటికే చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది. ఇంక ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం.

తోట గేటు తీయగానే ముగ్గురం ఆగిపోయాం.

పిట్టలు కాయలు పాడుచేయకుండా తోటంతా పైన వల కప్పి ఉంటుంది. కింద ఎండ పలచబడి మబ్బు పట్టిన రోజులా ఉంటుంది. ఆ మసక వెలుతురులో ఎటు చూసినా ఎర్ర గుడ్డలే. ప్రతి వరుసకూ కాదు, ప్రతి చెట్టుకూ. గాలి లేదు. ఒక్క గుడ్డా కదలడం లేదు.

"మామ ఎంత చెప్పినా చెన్నయ్య తాత ఇనడు," అని మెహెక్ గుసగుసలాడింది. "ఉన్న చీరలన్ని చింపేసిండు. మనం తెంపే చెట్టుకు ఇప్పి, మల్ల కడతడు."

చెన్నయ్య వచ్చాడు. ఏడాదిలో సగమైపోయాడు. నన్నే చూస్తూ అన్నాడు. "ఏ చెట్టుకు కట్టిన్నో, ఏ చెట్టుకు కట్టలేదో యాదికుంటలేదు బిడ్డా. ఒక్కసారి మర్సిన. ఇంట్ల మనిషి పోయింది."

మెడ మీద ఎవరో చేయి వేసినట్టయింది నాకు.

"ఆ చెట్టుకు లేదేంది తాతా?" అని సింధు చూపించింది. ఏడో వరుస మొదటి చెట్టు. అదొక్కటే బోడిగా ఉంది.

"దానికి నిలవదు. రాత్రి కడతా, తెల్లారెవరకు ఇప్పి ఉంటది. ఆమెకు నా మీద కోపం."

మధ్యాహ్నం వాళ్లిద్దరూ బగారన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. నీళ్లకని చెప్పి లేచాను. నా సంచిలో కొత్త ఎర్ర గుడ్డ ముక్క ఉంది. ముందురోజే కొని పెట్టుకున్నాను. ఆ చెట్టుకు నా చేత్తో కట్టేస్తే, ముసలాయనకు చెప్పకపోయినా సరిపోతుందని నా పిచ్చి లెక్క. పిరికివాళ్లకు ఇలాంటి తెలివితేటలు బాగా వస్తాయి.

ఏడో వరుసలోకి రాగానే సింధు నవ్వు వినిపించడం ఆగిపోయింది. అప్పటిదాకా నాదర్‌గుల్ వైపు తిరుగుతున్న చిన్న విమానం మోత కూడా లేదు. మగ్గిన రేగుపళ్ల తీపి వాసన. దాని వెనకే ఇంకో వాసన, ముక్కును కోసేలాంటిది. మందు వాసన. పదిహేను రోజులుగా మందు పంపు పట్టలేదని పొద్దున్నే చెన్నయ్య చెప్పాడు.

గుడ్డను కొమ్మకు చుట్టి రెండు ముళ్లు వేశాను. గట్టిగా లాగి చూశాను. వెనక్కి తిరిగాను.

ఏదో మెత్తగా కింద పడింది.

చూస్తే గుడ్డ. నా కాళ్ల దగ్గర.

మళ్లీ కట్టాను. ఈసారి మూడు ముళ్లు. కట్టి చూస్తూ నిలబడ్డాను. మొదటి ముడి… మెల్లగా వదులైంది. రెండోది. మూడోది. ఎవరో తీరుబడిగా గోటితో విప్పుతున్నట్టు.

చెట్టుకు అటువైపు నుంచి చప్పుడు వచ్చింది.

టప్… టప్…

ఒడిలో కాయలు పడుతున్న చప్పుడు. కాయ కాయకూ మధ్య మట్టిగాజుల గలగల. ఊపిరి బిగబట్టాను. చప్పుడూ ఆగింది. వదిలాను. మళ్లీ… టప్.

"ఎవరు?" నా గొంతు నాకే వినపడలేదు.

ఆకులు పక్కకు జరిగాయి. ఒక చేయి వచ్చింది. వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి. అరచేతిలో ఒక కాయ, తడితడిగా.

"తిను బిడ్డా…"

వెనక్కి అడుగు వేయలేకపోయాను.

"గుడ్డ లేదు గద… తిను…"

ఎలా పరుగెత్తానో తెలియదు. గేటు దగ్గర చెన్నయ్య నన్ను పట్టుకుని ఆపాడు.

"ఏమైంది బిడ్డా? ముల్లు గీరిందా?" అని నా మణికట్టు చూశాడు.

"పాతది తాతా."

"నిరుటిదా?"

తల ఊపాను. ఆయన చేయి వదల్లేదు. కళ్లలో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. "నాకేమన్న చెప్పేదుందా?"

అప్పుడే చెప్పాల్సింది. రెండు మాటలు, గుడ్డ నేనే తీశాను అని. ఆ ముసలి ప్రాణం మీది బరువు దిగిపోయేది. మెహెక్, సింధు అటే వస్తున్నారు. వాళ్ల ముఖాలు ఎలా మారిపోతాయో కనపడింది. మా ఇంట్లో తెలిస్తే, నేను పాఠాలు చెప్పే బడిలో తెలిస్తే…

"ఏం లేదు తాతా," అన్నాను.

ఆయన నా చేయి వదిలేశాడు. తలపాగా సర్దుకుని లోపలికి పోయాడు. మేం బయల్దేరేటప్పుడు ఒక సంచి మోసుకొచ్చి, వద్దంటున్నా వినకుండా డిక్కీలో పెట్టాడు. "ఇది నీ ఇంటికి," అన్నాడు. దాని వైపు నేను చూడను కూడా చూడలేదు.

ఇల్లు చేరేసరికి ఏడైంది. మా ఆయన సంచి దించి వంటింట్లో పెట్టాడు. నేను తిన్నగా స్నానానికి వెళ్లాను. ముక్కులోంచి ఆ మందు వాసన పోవడం లేదు. సబ్బు అరిగేదాకా రుద్దుకుని వచ్చాను.

పాప వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముందు సంచి, మూతి తెరిచి. పక్కన రెండు గింజలు. మూడోది నోట్లో.

"అమ్మా, చూడు నా గాజు," అని కుడి చేయి చాపింది.

మణికట్టుకు ఎర్ర పేలిక చుట్టుకుని ఉంది. నడిమధ్యలో ఎండిపోయిన గోధుమరంగు మరక, వేలెడు పొడుగు. అది నా నెత్తురు. ఏడాది కిందట చెత్తబుట్టలో పడేసిన గుడ్డ.

"ఎక్కడిదే ఇది?"

"సంచికి కట్టి ఉంది. విప్పాను."

దాని నోట్లో వేలు పెట్టి కక్కించాను. మా ఆయన కారు తాళాలకు పరుగెత్తాడు. ఒక చేత్తో పాపను ఎత్తుకుని, ఇంకో చేత్తో చెన్నయ్యకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"తాతా, ఆ కాయలు ఏ చెట్టువి? చెప్పు తాతా… నిరుడు గుడ్డ నువ్వు మరిచిపోలేదు. నేనే తీశాను. నేనే…"

ఫోన్లో ఆయన వెనక సన్నగా మట్టిగాజుల చప్పుడు.

"ఎరికే బిడ్డా. ఆమె ఎప్పుడో చెప్పింది. నీ నోట ఇందామని ఏడాది ఆగినం."

"కాయలు ఏ చెట్టువి తాతా?"

"నాకేం తెలుసు. తెంపింది ఆమె, మూటగట్టింది ఆమె. నేను మోసిన, గంతే."

పాప నా భుజం మీద తల వాల్చింది. ఒళ్లు చల్లగా తగిలింది.

"గుడ్డ కట్టే ఇచ్చింది గద బిడ్డా," అన్నాడు చెన్నయ్య, మెల్లగా. "ఇప్పిందెవలు?"