వేలెడు ఇసుక

“ఈ పైపు మీరు చేసిందేనా?”

తలెత్తితే గుమ్మంలో ఒకమ్మాయి. జడ చివర నుంచి వాననీళ్ళు కారుతున్నాయి. చేతిలో రెండు ముక్కలైన సైలెన్సర్ పైపు.

“కాదండీ,” అన్నాను.

“చూడకుండానే కాదంటారేంటి?”

“విరిగింది కదండీ. భయమేసింది.”

ఆమె ఫక్కున నవ్వింది. “మీది కాదులెండి, ఊరికే అడిగాను. షాపులో కొన్నది. రెండో రేసుకే ఇలా అయింది. మీరు చేసినవి విరగవని విని వచ్చాను.”

హమ్మయ్య అనుకున్నాను. కానీ ఆ నవ్వు చూశాక వేరే రకం దడ మొదలైంది.

నా సంగతి కాస్త చెప్పాలి. మా మావయ్యకు లారీల సైలెన్సర్లు చేసే షెడ్డు ఉంది. దాని వెనక గదిలో నేనూ అదే పని చేస్తాను, కాకపోతే నా లారీలు మోకాలెత్తు కూడా ఉండవు. రిమోట్‌తో నడిచే, నైట్రో ఇంధనం పోసే ట్రక్కులు. బొమ్మలే అయినా వాటిలో నిజం ఇంజను, నిజం పొగ, చెవులు గింగుర్లెత్తే మోత ఉంటాయి. ఒక్కోదానికీ సరిపోయే కొలతలో పొగ గొట్టం చేసిస్తాను. గ్యాస్ కట్టేశానో లేదోనని రోజుకు మూడుసార్లు వెనక్కి వస్తాను. అందుకే మావయ్య నాకు ‘దడ’ అని పేరు పెట్టాడు. “తాడును చూసి పామనుకునేవాళ్ళుంటారు. నువ్వు తాడు లేనిచోట కూడా పామును చూస్తావు కదరా,” అంటాడు.

“రేపు పొద్దున పదింటికి రేసు. ఇవాళే కావాలి,” అందామె. “వాన వెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను. పర్లేదా?”

పర్లేదన్నాను. ఆ వాన వారం రోజులు కురిస్తే బాగుండుననిపించింది.

ఉత్త గొట్టాన్ని వంచితే నొక్కుకుపోతుంది. అందుకని లోపల ఇసుక దట్టించి, రెండు వైపులా బిరడాలు కొట్టి, టార్చ్ మంటతో కాల్చి వంచుతాను. బాండీలో వేయించిన సన్నటి ఇసుక ఒక టీ గ్లాసులో ఉంటుంది, గ్లాసు మీద గీత గీసి ఉంటుంది. వంచాక గొట్టంలోది మళ్ళీ గ్లాసులో పోస్తే ఇసుక సరిగ్గా ఆ గీతకు రావాలి. రాలేదంటే లోపల మిగిలిపోయిందన్నమాట.

“ఈ గ్లాసొక్కటి ముట్టుకోకండి. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పలేదు,” అన్నాను.

“ఇసుకకు ఇంత కాపలానా మేస్త్రీ గారూ?”

“ఇంజను వదిలిన గాలి పైపు చివర కొట్టుకుని కొంత వెనక్కి వస్తుందండీ. ఈ పైపుకు బలం అదే. ఆ గాలితో ఒక్క రేణువు లోపలికి పోయినా సిలిండరు గోడంతా గీతలు పడతాయి. ఇక ఇంజను గోవిందా.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “అలా అనకండి. నాకున్నది ఒక్కటే ఇంజను. నాన్నా నేనూ సెలవులన్నీ పెట్టి దాన్ని మెల్లమెల్లగా తిప్పి దారికి తెచ్చుకున్నాం. అది పోతే నా రేసులు పోయినట్టే.”

నేను కళ్ళద్దాలు పెట్టుకుని, అటు తిరిగి టార్చ్ వెలిగించాను. గొట్టం ఎర్రబడింది, చక్కగా వంగింది. చల్లారాక ఇసుక గ్లాసులోకి వంపుతున్నాను. సరిగ్గా అప్పుడే ఆమె అడిగింది.

“రేపు రేసు చూడ్డానికి వస్తారా?”

అంతే, నా బుర్ర ఖాళీ అయిపోయింది. “రేపు... పనుందండీ.”

“ఆదివారమా?”

“ఆదివారమే ఎక్కువండీ.”

వంచిన గొట్టాన్ని ఆమె పైపులో బాగున్న ముక్కకు అతికించి ఇచ్చాను. ఆమె దాన్ని టవల్లో చుట్టుకుని, వాన వెలవగానే వెళ్ళిపోయింది. రాత్రంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పొద్దున బల్ల తుడుస్తుంటే గ్లాసు కంటబడింది.

ఇసుక గీతకు వేలెడు కిందుంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. వేలెడే. నిన్న వంపాక గ్లాసు చూడలేదు. మూడేళ్ళలో మొదటిసారి, ఒక్క మాటకు మైమరచి చూడడం మరిచాను. ఆ వేలెడు ఇసుకా ఇప్పుడు ఆమె పైపులో ఉంది.

ఆర్డరు పుస్తకంలో రాసుకున్న ఆమె నంబరుకు ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. గడియారం తొమ్మిదీ ముప్పావు చూపిస్తోంది.

“మావయ్యా, స్కూటరు తాళాలు!”

“నువ్వా? స్కూటరా?” అంటూనే విసిరాడు.

గ్లాసును చొక్కా జేబులో పెట్టుకుని బయలుదేరాను. ఎప్పుడూ ముప్పై స్పీడు దాటని నేను ఆ రోజు ఎంతలో పోయానో చూసుకోలేదు. దారిలో ఒక పాడు ఆలోచన వచ్చింది. చెప్పకపోతే? ఇంజను పోతే ఆయిల్ మంచిది కాదనుకుంటారు, దుమ్ము అనుకుంటారు. నా పేరు ఎవరూ ఎత్తరు. చెబితే మాత్రం ఆమె ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కదు. అలా ఆలోచించగలిగినందుకు నన్ను చూసి నాకే భయమేసింది. ఇంకాస్త వేగం పెంచాను.

ట్రాక్ పక్కన ఎత్తైన చెక్క వేదిక మీద, రిమోట్ పట్టుకుని మిగతావాళ్ళతో పాటు నిలబడి ఉందామె. కింద టేబుల్ దగ్గర వాళ్ళ నాన్న ఎర్ర ట్రక్కును ఇంజను తిప్పే స్టార్టరు పెట్టె మీద పెట్టబోతున్నారు.

“ఆగండి! స్టార్ట్ చెయ్యకండి!”

ఆయన తలెత్తారు. “ఎవరు బాబూ నువ్వు? జేబులో ఆ గ్లాసేంటి?”

“పైపు చేసింది నేనేనండీ.” “లోపల ఇసుక ఉండిపోయింది. తప్పు నాదే.”

ఆయన తిడితే బాగుండేది. స్ప్రింగులు లాగి పైపు ఊడదీసి నా చేతిలో పెట్టారు. తట్టాను. ఏమీ రాలలేదు. తీగకు తెల్లగుడ్డ చుట్టి వంపులోకి తోశాను. తెల్లగానే వచ్చింది. స్పిరిట్ పోసి కడిగాను. అందులోనూ రేణువు లేదు. వేలెడు ఇసుక ఎక్కడికి పోతుంది? ఇంకెక్కడ ఇరుక్కుంది? మళ్ళీ తోశాను.

మైకులో “రెండు నిమిషాలు!” అన్నారు.

ఆమె మెట్లు దిగి పరుగున వచ్చింది. “నాన్నా, బండేదీ? రంగంలోకి దించరేం?” అప్పుడు నన్ను చూసింది. “పనుందన్నారుగా?”

“పైపులో ఇసుక ఉండిపోయిందండీ.” గ్లాసు తీసి చూపించాను. “వేలెడు తగ్గింది.”

ఆమె మొహం పాలిపోయింది.

“పైపులో లేదండీ అది.”

“మీకెలా తెలుసు?”

“మీ బల్ల కింద ఉంది. మీరు టార్చ్ వెలిగిస్తుంటే నా మోచెయ్యి తగిలి, గ్లాసులో మిగిలిన ఇసుక కాస్త ఒలికింది. చెప్పడానికి భయమేసింది.”

“నేనంటే భయమా?” నా జీవితంలో ఆ మాట అనే అవకాశం అదే మొదలు.

“ముట్టుకోవద్దన్న ఒక్క వస్తువునూ ఒలకబోశాను. వాన వెలవకముందే వెళ్ళిపొమ్మంటారేమోనని...”

“ఎంత పడిందండీ? సరిగ్గా వేలెడేనా?”

“కొలుచుకుని ఒలకబోస్తారా ఎవరైనా!”

హారన్ మోగింది. మిగతా ట్రక్కులు దూసుకుపోయాయి. వాళ్ళ నాన్న పైపు బిగించి ఇంజను స్టార్టయ్యేసరికి ఎర్ర ట్రక్కు ఒకటిన్నర రౌండు వెనకబడింది. ఆమె మాత్రం మళ్ళీ వేదిక ఎక్కి, తగ్గకుండా నడిపింది. మట్టి దిబ్బల మీద ఎర్ర ట్రక్కు ఎగిరిన ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుని మోత వింటూ నిలబడ్డాను. ఒక్క రేణువు నేను చూడకుండా ఉండిపోయి ఉంటే? ఎక్కడైనా గరగర వినిపిస్తే? చివరి రౌండు దాకా వినిపించలేదు.

ఫైనల్‌కు ఆరుగురు వెళ్తారు. ఆమెది ఏడో స్థానం.

వాళ్ళ నాన్న ఇంజను ఆపి, చల్లారాక పైపు తీసి, లైటు వేసి లోపలికి చాలాసేపు చూశారు.

“అద్దంలా ఉంది,” అన్నారు. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగారు. “ఫైనల్ పోయింది ఎవరివల్ల?”

“నావల్ల,” అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన చేతులు తుడుచుకున్నారు. “ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాను బాబూ. భయం లేని డ్రైవరు పక్కన మా అమ్మాయిని కూర్చోనివ్వను. నీ పక్కన అయితే కూర్చోవచ్చు.”

“నాన్నా!” అని ఆమె ఆయన చెయ్యి గిల్లింది. నేను స్కూటరు తాళాలు కింద పడేసుకుని వెతుక్కున్నాను.

మర్నాడు సాయంత్రం ఆమె షెడ్డుకు వచ్చింది. చేతిలో కాగితం పొట్లం.

“జల్లించి, వేయించి తెచ్చాను. బాండీ పాడుచేశానని అమ్మ చేత చీవాట్లు కూడా తిన్నాను. గ్లాసు ముట్టుకోవచ్చా?”

గ్లాసును ఆమె వైపు తోశాను. ఆమె కొద్దికొద్దిగా పోస్తోంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

“మీరంటే నాకిష్టమండీ.”

పోస్తున్న చెయ్యి ఆగింది. “ఈ మాట చెప్పడానికి భయమెయ్యలేదా?”

“చాలా వేసింది. చెప్పకుండా ఉంటానేమోనని ఇంకా ఎక్కువ వేసింది.”

ఆమె తల వంచుకుని నవ్వుతూ పొట్లం మడిచేసింది. నేను అలవాటుకొద్దీ గ్లాసును కళ్ళకు ఎదురుగా ఎత్తి చూశాను.

“గీతకు ఇంకా చిటికెడు తక్కువుందండీ.”

“తెలుసు,” అంది. “అది రేపు తెస్తాను.”