నాలుగు బోల్టులు

"మీ కంపెనీ ట్రాక్టర్లు మార్కెట్‌లో వందకి ఎన్ని?" అని అడిగింది బుజ్జి, నోట్‌బుక్ తెరిచి.

"ఏడు."

"ఏడా? అంత గట్టిగా చెప్తున్నారేంటండీ, సిగ్గు లేకుండా!"

"అడిగారుగా మేడమ్. మెల్లగా చెప్తే పదిహేనవుతాయా?"

సర్వీసు షెడ్డులో పక్కన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న తల్లి కూతురి మోచెయ్యి గిల్లింది. కూతురి నోరు ఊరుకోదు. ఎదురుగా ఉన్న మెకానిక్ చేతిలో చూస్తే మూరెడు స్పానర్ ఉంది. మాటా మాటా పెరిగితే ఏమైపోతుందో! ఆవిడకు ఏది చూసినా ముందు దాని చివరే కనపడుతుంది, ఆ చివర ఎప్పుడూ మంచిది కాదు. ఆయన పోయాక మరీ.

ఆయన పోయి ఏడాదిన్నర. వాలు మీద ఉన్న నారింజ తోటలో చిన్న ట్రాక్టర్ తిరగబడి, దాని కిందే పోయారు. ఆ బండిని పాత ఇనుము కింద ఇచ్చేశారు. ఇప్పుడు అద్దె బళ్ళవాళ్ళు ఆ వాలు పేరు చెబితేనే దణ్ణం పెట్టి పోతున్నారు. "కొత్త బండి కొని నేనే నడుపుతాను" అంది బుజ్జి. తోట అమ్మేద్దామే అని తల్లి నెల రోజులు ఏడ్చింది. బుజ్జి వినలేదు.

నోట్‌బుక్‌లో మూడు బళ్ళ లెక్క రాసుకుంది. పసుపుది వందకి నలభై రెండు అమ్ముతారు, వీధికొకటి కనిపిస్తుంది. నీలందాని ఇంజన్‌కి వంక పెట్టేవాడు లేడు, కానీ చిన్న పార్టు కావాలన్నా మూడు వారాలు. బూడిదరంగుది ఇదిగో, వందకి ఏడు.

"తక్కువమంది కొంటారు కాబట్టి ఫోన్ చేస్తే నేనే ఎత్తుతాను. నలభై రెండు ఉన్నవాళ్ళకి చేసి చూడండి" అన్నాడు మెకానిక్.

బుజ్జి అక్కడికక్కడే చేసింది, స్పీకర్ పెట్టి. సన్నాయి పాట మొదలైంది. అయిపోయి మళ్ళీ మొదలైంది.

"పాట బాగుంది" అన్నాడతను చేతులు కట్టుకుని. "క్వాలిటీలో పది మార్కులు వేసుకోండి."

బుజ్జి నవ్వు ఆపుకోవడానికి తల వంచి ఏదో గీసింది. ఏడాదిన్నర తర్వాత ఆ పెదవుల మీద నవ్వు చూసి తల్లి సంతోషించాల్సింది పోయి భయపడింది. నవ్వు వచ్చిందంటే దాని వెనక ఏం రాబోతోందో!

నాలుగు రోజులకు జోరున వాన. బుజ్జి మూడు కంపెనీల సర్వీసుకీ వరసగా ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది, "తోటలో బండి ఆగిపోయింది, ముందు ఇంటి దగ్గరకి రండి" అని. గడియారం ముందు పెట్టుకు కూర్చుంది.

"లేని బండి ఆగిపోయిందని అబద్ధం ఆడతావుటే?"

"ఇది టెస్టమ్మా. బండి కొన్నాక ఎవడొస్తాడో కొనకముందే తెలియాలి."

నీలంవాళ్ళు సోమవారం అన్నారు. పసుపువాళ్ళ పాట ఇంకా వస్తూనే ఉంది. యాభై నిమిషాలకు గేటు ముందు బూడిదరంగు కంపెనీ మెకానిక్ మోటార్‌సైకిల్ ఆగింది. నెత్తి మీద యూరియా సంచి, చేతిలో టూల్ బాక్సు, మోకాళ్ళ దాకా బురద.

"బండెక్కడండీ?"

"ఇంకా కొనలేదు."

అతను వానలో నిలబడి బుజ్జి కేసి చూశాడు. తిడతాడనుకుంది తల్లి. "అయితే రిపేరు తేలికే" అన్నాడు.

బుజ్జి పకపకా నవ్వింది. "లోపలికి రండి, నిలువునా తడిసిపోయారు. టీ తాగి వెళ్దురుగాని." తువ్వాలు అందించింది. అందించిన చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు. తల్లి చూసింది.

టీ గ్లాసు పట్టుకుని తల ఎత్తిన అతనికి ఎదురుగా గోడ మీద ఫొటో కనిపించింది.

"ఈయన... ఆ వాలు తోట..."

"మా నాన్న. ఏమైందండీ?"

అతను గ్లాసు కింద పెట్టాడు. టూల్ బాక్సు అడుగు నుంచి గుడ్డ మూట తీసి, విప్పి బల్ల మీద పెట్టాడు. నాలుగు బోల్టులు. తుప్పు లేదు, నూనె రాసి ఉన్నాయి.

"అప్పుడు వేరే గ్యారేజీలో ఉండేవాణ్ణి. సీటు వెనక ఇనప కమాను ఉంటుంది కదండీ, బండి తిరగబడినా బరువు మనిషి మీద పడనివ్వదు. అది కొమ్మలకు తగిలి కాయ రాలిపోతోందని, తీసెయ్యమని నన్ను తోటకు పిలిచారు. వద్దన్నాను. రెండు వారాలేగా, కోత అయ్యాక బిగిద్దువుగాని అన్నారు. తీశాను. మళ్ళీ బిగించడానికి కావాలని బోల్టులు నా దగ్గరే పెట్టుకున్నాను. పిలుస్తారని చూశాను." గుడ్డ మడత సర్దాడు. "తర్వాత విన్నాను."

బుజ్జి లేచి వీధి తలుపు బార్లా తెరిచింది.

"మా నాన్నని చంపింది బండి కాదన్నమాట" అంది బుజ్జి. "వెళ్ళండి."

"అండీ..."

"వెళ్ళమన్నానా!"

అతను వానలోకి వెళ్ళిపోయాడు. సంచి కూడా తీసుకోలేదు.

బల్ల మీద మిగిలిపోయిన నాలుగు బోల్టులూ తల్లి తీసి కొంగున ముడివేసుకుంది. కమాను తీయించాలన్న మాట ఆయనది కాదు. "కాయంతా నేలపాలవుతోంది, దిక్కుమాలిన ఆ కమాను తీయించెయ్యండి" అని వారం రోజులు పోరింది తనే. కోత అయ్యాక బిగించాలన్న సంగతి మరిచిపోయిందీ తనే. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు. చెబితే బిడ్డ మళ్ళీ తన మొహం చూడదు. ఉన్నది ఒక్కతే బిడ్డ.

ఆ వారం బుజ్జి అన్నం కెలికి లేచిపోతోంది. నోట్‌బుక్‌లో బూడిదరంగుదాన్ని అడ్డంగా కొట్టేసింది. ఎవరిదో ఫోన్ మోగితే చాలు, ఉలిక్కిపడి చూస్తోంది. మళ్ళీ తనమీద తనకే కోపం వచ్చి తలుపు ధడాలున వేస్తోంది.

"పసుపుది తీసేసుకుందాం, పదమ్మా" అంది చివరికి.

పసుపు షోరూమ్‌లో చల్లటి గాలి, మెరిసే నేల. అమ్మకాల కుర్రాడు బండి చుట్టూ తిరుగుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. "తోటకేనా మేడమ్? వెనక ఈ కమాను అడ్డం అనిపిస్తే తీయించేసుకోండి. కాయ దెబ్బతినదు. అందరూ అదే చేస్తారు."

తల్లి బండి చక్రం పట్టుకుని నిలబడింది. సరిగ్గా తన మాటలే, వేరేవాడి నోటి నుంచి. రేపు ఈ బండి మీద కూర్చునేది బుజ్జి. ఇంతకాలం తనను బిడ్డ వదిలేస్తుందేమోనని భయపడింది. ఇప్పుడు ఆ భయం చిన్నదైపోయింది.

"బుజ్జీ, తీయించమన్నది నేనేనే."

"ఏంటమ్మా?"

"మీ నాన్న వద్దన్నారు. ఆ అబ్బాయీ వద్దన్నాడు. నేనే పోరి తీయించాను. కాయల కోసం. ఆ పిల్లాడి పాపం కాదే, నాది."

అమ్మకాల కుర్రాడు మెల్లగా జారుకున్నాడు. తల్లి ఏ మాటకైనా సిద్ధపడి కళ్ళు మూసుకుంది. చెయ్యి మీద చెయ్యి పడింది.

"ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా?"

అంతే అడిగింది. ఇద్దరూ ఆ మెరిసే నేల మీద కూలబడి, నలుగురూ చూస్తారని కూడా లేకుండా ఏడ్చారు.

బయట మెట్ల మీద బుజ్జి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"బండి ఆగిపోయింది" అంది ముక్కు ఎగబీల్చి.

"ఏ బండండీ?"

"ఇంకా కొనలేదు. వందకి ఏడు అమ్ముతారే, అది. వస్తావా?"

"వస్తున్నా."

"అన్నం తిన్నావా? గొంతు అలా ఉందేం?"

"మీరు తిన్నారా?"

"మీరేంటి, ఇంకా మొదట్లోనే ఉన్నావ్! తినలేదు. వచ్చేటప్పుడు ఏదైనా పట్టుకురా."

బూడిదరంగు బండి వచ్చిన రోజు బుజ్జి దాన్ని వాలు మీదకు ఎక్కించబోతే, ముందు తల్లి నిలబడి ఉంది. చేతిలో రంపం, చెట్టుకు నిచ్చెన. మొదటి వరసలో బండి ఎత్తుకు అడ్డొచ్చే కొమ్మలన్నీ అప్పటికే నేల మీద ఉన్నాయి, పచ్చికాయలతో సహా. ఒకప్పుడు ఒక్క కాయ రాలితే ప్రాణం విలవిల్లాడేది. ఇప్పుడు ఆ కాయల మీదే నడిచి ఇంకో చెట్టు దగ్గరకు వెళ్ళింది.

"అమ్మా, ఇంత కాయ!" అంది బుజ్జి.

"పోతే పోనీ. కమాను నిటారుగా పోవాలి."

మెకానిక్ దగ్గరకొచ్చి నెమ్మదిగా అన్నాడు, "ఆ పాత బోల్టులు ఇచ్చెయ్యండమ్మగారూ. నా దగ్గర ఉంచుకుంటాను."

"నీకెందుకు? అవి నావి." కొంగు ముడి తడిమి చూసుకుంది, ఉన్నాయి. నిచ్చెన మొదటి మెట్టెక్కింది. రెండో మెట్టు ఊగింది. ఆవిడకు ఎప్పటిలాగే చివరంతా ఒక్క క్షణంలో కనిపించింది.

"అల్లుడూ, గట్టిగా పట్టుకో! ఈ ఇంట్లో ఇంకెవరూ పడకూడదు."

ట్రాక్టర్ ఇంజన్ టక్కున ఆగింది. "అమ్మా, ఏమన్నావ్?"

"నిచ్చెన పట్టుకోమన్నాను" అంది తల్లి, రంపం కొమ్మకు ఆనించి.

అతను రెండు చేతులా పట్టుకున్నాడు.