పక్కన ఎవరున్నారు?

"ఇంకా ఏమీ కాలేదంటున్నారు. అయ్యాక వస్తే ఏం లాభం మేడమ్?"

పొద్దున్నే స్టేషన్ బెంచీ మీద వచ్చి కూర్చుంది ఆ తల్లి. కూతురు టైలర్. నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. భర్త కొడుతున్నాడని కోర్టులో పిటిషన్ వేసుకుంది. రేపే వాయిదా. మనిషి హాజరు కాకపోతే కేసు నీరుగారిపోతుంది.

"ఛార్జింగ్ అయిపోయి ఉంటుందమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "అన్నీ చెడ్డవే ఊహించుకుంటే ఎలా?"

ఇన్‌స్పెక్టర్ తలెత్తింది. చాటున ఆమెను అందరూ 'కీడెంచే మేడమ్' అంటారు. ముందు అంబులెన్స్ పిలిచి, ఆ తర్వాత ఏమైందని అడిగే మనిషి.

అప్పుడే అల్లుడు లోపలికి వచ్చాడు. వెనకే వాళ్ళక్క.

"నా భార్య కనబడటం లేదు. మిస్సింగ్ కేసు రాసుకోండి."

తల్లి బెంచీ మీంచి లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం అతని బూట్ల నుంచి దువ్విన జుట్టు దాకా తీరిగ్గా చూసింది. పెళ్ళాం కనబడని మనిషి ఇంత శుభ్రంగా గడ్డం గీసుకుంటాడా?

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"నిన్న సాయంత్రం ఏడింటికి. షాపు షట్టర్ తనే దించింది. తాళం వేసుకుంది. బస్టాండ్ వైపు వెళ్ళిపోయింది. ఎదురు టీకొట్లోంచి కళ్ళారా చూశాను."

"ఆపలేదేం?"

"అలిగి పుట్టింటికి పోతోందనుకున్నా."

"తాళంచెవి?"

"తన దగ్గరే."

"మా తమ్ముడు చీమకు కూడా అపకారం చెయ్యడు మేడమ్," అంది అక్క.

"చీమల సంగతి ఎవరడిగారమ్మా?" అంది తల్లి. "నా కూతురి సంగతి చెప్పు."

హెడ్ కానిస్టేబుల్ అల్లుణ్ణి బండెక్కించుకుని షాపు దాకా వెళ్ళొచ్చాడు.

"షట్టర్ బాదాను మేడమ్. లోపలున్నావా అని గొంతు చించుకున్నా. ఈయనా పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఇన్‌స్పెక్టర్ చేతిలో పెన్ను ఆగింది.

"పోయిన వారం వాళ్ళింటికి ఎంక్వైరీకి వెళ్ళిందీ నువ్వేగా? ఏమడిగావు?"

"అంతా బాగేనా అని అడిగా. బాగే అంది."

"అప్పుడు ఈయనెక్కడున్నాడు?"

"పక్కనే. ఇద్దర్నీ కూర్చోబెట్టి అడగడమే కదా మేడమ్ మన అలవాటు? కాపురం నిలబెట్టాలిగా."

"ఇంకేం చూశావు?"

"చూసేదేముంది? మర్యాద తెలీని మనిషి. మంచినీళ్ళిస్తూ సగం నా చొక్కా మీదే పోసింది. ఎడమ చేత్తో ఇస్తే ఒలకవా మరి? కుడి చెయ్యి శాలువాలోంచి బయటికి తీస్తే అరిగిపోతుందేమో!"

"శాలువానా?" తల్లి ఉలిక్కిపడింది. "ఈ ఎండల్లోనా?"

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగింది. "మీ అమ్మాయిది ఎడమచేతి వాటమా?"

"కాదమ్మా. కుడి చెయ్యి లేకపోతే కత్తెరే ఆడదు దానికి."

"ఆ షట్టర్ ఎలాంటిది?"

"పాడు షట్టర్. తుప్పు పట్టిపోయింది. గ్రీజు పెట్టించవే అంటే వినదు. నేనెళ్ళినప్పుడల్లా ఇద్దరం కలిసి వేలాడతాం. ఒక్కతే అయితే రెండు చేతులా..."

ఆ మాట అక్కడే తెగిపోయింది. అల్లుడు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

పావుగంటలో అందరూ షాపు ముందున్నారు. ఇరుకు వీధి. పక్కనున్న చెప్పుల షాపుకూ అలాంటి పాత షట్టరే.

"హెడ్డూ, కుడి చెయ్యి జేబులో పెట్టుకో. ఆ పక్క షట్టర్ దించు."

ఆయన బలంగా లాగాడు. కిర్రుమంది. సగంలో ఇరుక్కుంది. వేలాడాడు. మొహం కందిపోయింది.

"దిగట్లేదు మేడమ్!"

"ఇంత మనిషివి, నీ వల్లే కాలేదు. వారం కిందటే కుడి చెయ్యి కదపలేక నీ చొక్కా మీద నీళ్ళు పోసిన మనిషి మాత్రం ఇట్టే దించి తాళం వేసుకుందట." ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు చూసింది. "దించింది నువ్వు. బయటి నుంచి. రేపు ఆమె కోర్టుకు రాకూడదు. పారిపోయిందని మా చేతే రాయించుకుందామని వచ్చావు."

"లోపలుంటే అరవదా?" అల్లుడు గొంతు పెంచాడు. "పొద్దున హెడ్డుగారు పిలిచారుగా!"

"పిలిచాడు. ఆ వెంటనే నువ్వూ పిలిచావు. నువ్వు పక్కనుంటే ఆమె నోరు పెగలదని నీకు తెలుసు. మాకే ఇన్నాళ్ళూ తెలీలేదు."

హెడ్ కానిస్టేబుల్ తల దించుకున్నాడు.

అల్లుణ్ణీ, అక్కనూ ఆయనకే అప్పగించి జీపులో పంపేసింది ఇన్‌స్పెక్టర్. అంబులెన్స్‌కూ, తాళం కోసే మనిషికీ ఫోన్ చేసింది. గుంపును వీధి చివరి దాకా తోలింది. అప్పుడు షట్టర్ ముందు దుమ్ములోనే కూర్చుంది.

బాదలేదు. అరవలేదు.

"అమ్మా, నేను ఇన్‌స్పెక్టర్ని. నా పక్కన మీ అమ్మ ఉంది. ఇంకెవరూ లేరు. అతన్ని జీపెక్కించి పంపేశాను. నీకు వీలైనప్పుడే మాట్లాడు."

జవాబు లేదు.

తల్లి ఇనుప రేకుకు చెవి ఆనించింది. కొంగు నోట్లో కుక్కుకుంది. కీడెంచే మేడమ్ మనసులోనూ కీడే మెదిలింది. ఆలస్యం అయిపోయిందా? మళ్ళీ పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

వీధిలో ఎక్కడో ఒక బకెట్ చప్పుడు.

రేకు అవతల, నేల దగ్గర, ఏదో ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది.

"జీపు... మలుపు తిరిగిందా?"

"తిరిగిందమ్మా."

తల్లి వేళ్ళు షట్టర్ కింద సందులోకి దూరాయి. లోపలి నుంచి వేరే వేళ్ళు వాటిని పట్టుకున్నాయి. ఎడమ చేతి వేళ్ళు.

"ఆ రోజు హెడ్డుగారు అడిగారు కదా మేడమ్, అంతా బాగేనా అని." గొంతు ఎండిపోయి ఉంది. "బాగాలేదు. చెయ్యి విరిచాడు. రాసుకోండి."