మెట్రోలో పొజ్జే అవ్వ

దేవే, లాస్య మాస్కో చూడ్డానికి వచ్చారు. ఇద్దరూ రాత్రంతా రైల్లో కూర్చుంటే వచ్చే ఒక చిన్న ఊళ్ళో మెడిసిన్ చదువుతున్నారు. కొత్త సంవత్సరం సెలవులు. దీపాలు చుట్టిన వీధులు, గడ్డకట్టిన నది, వేడి వేడి మొక్కజొన్న పొత్తులు అమ్మే బండ్లు. లాస్య కనిపించినదల్లా ఫొటో తీస్తోంది.

లాస్యది విజయవాడ. దేవేది బస్తర్‌లో కొంటా దగ్గర, శబరి ఒడ్డున ఒక దోర్ల గిరిజనుల పల్లె. ఆ సంగతి లాస్యకి తెలియదు. లాస్యకి తెలిసిన అమ్మాయి పేరు దివ్య, ఊరు భద్రాచలం, నాన్నకి అక్కడ హోటల్. బస్తర్ అనగానే ఎదుటివాళ్ళు ముందు తుపాకుల గురించి అడుగుతారు, తర్వాత జాలిగా చూస్తారు. ఆ చూపు పడలేక దేవే కాలేజీలో చేరిన కొత్తలో అలా చెప్పేసింది. ఇప్పుడు దివ్యా అని పిలిస్తేనే చటుక్కున తిరుగుతుంది.

నాలుగు దాటేసరికి చీకటి పడిపోయింది. చలికి ముక్కు చివర మొద్దుబారింది. ఇద్దరూ మెట్రో స్టేషన్‌లోకి దూరారు. కదిలే మెట్లు కిందికి... ఇంకా కిందికి దిగుతూనే ఉన్నాయి. తడిసిన ఉన్ని కోట్ల వాసన, ఇంజన్ ఆయిల్ వాసన. అడుగున పాలరాతి స్తంభాలు, పసుపు దీపాలు. అప్పుడే ఒక రైలు వెళ్ళిపోయింది. దానితో పాటే జనమూ వెళ్ళిపోయారు.

దేవేకి ఉన్నట్టుండి ఇప్పపూల వాసన వచ్చింది. ఎండబోసిన ఇప్పపువ్వు, దాని వెనకాల కట్టెల పొగ.

భ్రమ అనుకుంది. మూడేళ్ళయింది ఇంటికి వెళ్ళి. అనిపిస్తుందిలే అనుకుంది.

"దివ్యా... అటు చూడు," అంది లాస్య నెమ్మదిగా.

చివరి స్తంభం దగ్గర, బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. మోకాళ్ళ దాకా కట్టిన నేత చీర. చేతుల నిండా పచ్చబొట్లు. ఒంటి మీద ఇంకే గుడ్డా లేదు. ఒట్టి కాళ్ళు. ఆ కాళ్ళ కింద నేలంతా బూట్లు మోసుకొచ్చిన మంచు బురద.

దేవే గుర్తుపట్టింది. పొజ్జే అవ్వ. తల్లి పోయాక తనను వీపున కట్టుకుని పెంచిన నాయనమ్మ. తమ జిల్లా సుక్మా దాటి ఎన్నడూ బయటికి వెళ్ళని మనిషి.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్?" అంది ముసలామె. "దేవే... నేనే."

లాస్య కళ్ళు పెద్దవయ్యాయి. "తెలుగు! అవ్వా, ఎక్కడినుంచొచ్చారు? ఈ చలిలో... ఎవరు కావాలి మీకు?"

ముసలామె దేవే వైపు వేలు చాపింది. "నా మనవరాలు. చూద్దామని వచ్చిన."

లాస్య దేవే వైపు తిరిగింది. ఆ చూపులో అనుమానం లేదు. వట్టి ఆశ్చర్యమే. ఒక్క మాట చాలు. అవును, మా అవ్వ. అంతే.

"నాకు తెలీదు," అంది దేవే. "ఎవరో... మతి చెడినట్టుంది."

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ముఖంలోకి రక్తం చిమ్మింది. అవ్వ ముఖం మాత్రం మారలేదు. తలూపింది.

"సరే అమ్మా. పొరబడ్డ."

బల్ల పట్టుకుని లేచింది. రైలు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, అవ్వ లోపలికి ఎక్కింది. లాస్య "అవ్వా, ఆగండి!" అంటూ పరిగెత్తింది. కానీ పెట్టెలో ఎవరూ లేరు. తలుపులు మూసుకున్నాయి. నేల మీద తడి పాదాల గుర్తులు రైలు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

ఆ రాత్రి నాయిన కేసా ఫోన్ చేశాడు. "అవ్వకు బాగాలేదు బిడ్డా. రాగలిగితే రా."

దొరికిన విమానం పట్టుకుని హైదరాబాద్‌లో దిగింది. బస్సులో భద్రాచలం, అక్కడి నుంచి కొంటా. మాస్కోలో లాస్య విమానాశ్రయం దాకా వచ్చి సాగనంపింది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే దేవేను ఎక్కువ కాల్చింది.

అవ్వ ముంగిట్లో నులక మంచం మీద పడుకుని ఉంది. కాళ్ళకి ఆకు పసరు కట్టి ఉంది. దేవే కట్టు విప్పింది. వేళ్ళన్నీ బొగ్గులా నల్లగా, గట్టిగా ఉన్నాయి. నలుపుకీ మంచి చర్మానికీ మధ్య గీత గీసినట్టు ఎర్రటి అంచు. ఇలాంటి కాళ్ళు ఆమె చూసింది. రష్యాలో, మంచులో పడిపోయి చలికి కాళ్ళు చచ్చుబడిన తాగుబోతుల్ని తెచ్చి పడేసే ఆసుపత్రి వార్డులో.

"ఏమైంది నాయినా?" అని అడిగింది.

"దీపాలు పెట్టే యాలకు పండుకున్నది. పిల్లను చూసొస్త అన్నది. ఎంత లేపినా లేవలె. లేచేటాలకు గజగజ వణుకుతున్నది... కాళ్ళు కట్టెలెక్క అయినయ్. దవాఖానల డాక్టర్ సాబ్‌కు కూడా సమజ్ కాలె."

దేవే ఆ పాదాలు రెండు చేతుల్తో పట్టుకుంది. తప్పయిందని చెప్పాలంటే నాయిన ముందు చెప్పాలి. ఏమని చెప్పాలి?

అవ్వ నెమ్మదిగా కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వద్దు డాక్టరమ్మా. మీరెందుకు నా కాళ్ళు పట్టుకుంటరు?"

మీరు. పుట్టాక ఎన్నడూ అవ్వ తనను అలా అనలేదు.

"అమ్మా, మన దేవే," అన్నాడు కేసా బతిమాలుతున్నట్టు. "దేవే వచ్చింది."

"ఎరికేరా. మన దేవే మొన్ననే నా ఎంబడి వచ్చె గద," అంది అవ్వ.

కేసా కళ్ళు తుడుచుకున్నాడు. "జ్వరం తలకెక్కింది," అని గొణిగి బిందె తీసుకుని బోరింగు వైపు వెళ్ళాడు.

ముంగిట్లో ఇద్దరే మిగిలారు. కోళ్ళు చప్పుడు చేయడం లేదు. కుక్క దడి అవతల నిలబడి, ఎంత పిలిచినా లోపలికి రావడం లేదు.

అవ్వ మంచం పక్కన ఉన్న చిప్పలోంచి ఆకు దొప్పలో అన్నం పెట్టింది. దేవేకి కాదు. మంచానికి అటువైపు, ఎవరూ లేని చోటుకి చాపింది.

"తిను దేవే బిడ్డా," అంది ముద్దుగా. "అంత దూరం నడిచొచ్చినవ్."

"అవ్వా..." గుసగుసగా అంది దేవే. "అక్కడ ఎవరూ లేరు..."

అవ్వ వినలేదు. అటే చూసి నవ్వుతోంది. దొప్ప ఆమె చేతిలో కొంచెం కిందికి వాలింది. ఎవరో అంచు పట్టుకున్నట్టు.

అన్నం తగ్గింది.

మళ్ళీ తగ్గింది.

దొప్ప ఖాళీ అయింది. అవ్వ చీర కొంగు తీసి, ఆ ఖాళీలో ఎవరిదో మూతి తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు.

కొంగుకి మెతుకులు అంటుకున్నాయి.